రాజాసాబ్ మనిషి భీమారావు

మా బావ భీమారావు గురించి రాయ్‌పూర్‌లో ఎవరిని అడిగినా ఏదో ఒకటి చెబుతారు. సివిల్ లైన్స్‌లో ఒక కథ, గుఢియారీలో ఇంకో కథ, సిల్తారా ఫ్యాక్టరీ గేటు దగ్గర మరో కథ. ఆయన్ని అడిగితే మాత్రం ఏమీ చెప్పడు. చెప్పకపోవడమే ఆయన చేసిన ఉద్యోగం. దాంతోనే ఒక రాజుగారికి కుడిభుజమయ్యాడు, దాంతోనే సొంత ఇంట్లో పరాయివాడయ్యాడు. అందుకని నేను చెబుతున్నాను. నాకు ఓపిక ఉంది, కొంచెం కోపం కూడా ఉంది.

ముందు చుట్టరికం చెప్పేస్తే తర్వాత తికమక ఉండదు. నా పేరు దుర్గారావు. రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. భీమారావు తల్లి అప్పలనరసమ్మ మా నాన్నకు స్వయానా అక్క. మా చెల్లెలు మాలతిని ఆయనకే ఇచ్చాం. అంటే పుట్టుకతో ఒకసారి, పెళ్ళితో ఒకసారి బావయ్యాడు నాకు. ఏ వైపు నుంచి చూసినా తప్పించుకునే దారి లేదు. మా రెండు కుటుంబాలూ బొబ్బిలిలో రైలెక్కి ఇక్కడ దిగినవే. నాన్నలు పట్టాల మీద పనిచేశారు, మేం గుఢియారీలో పట్టాల పక్కన పెరిగాం. ఇంట్లో బొబ్బిలి తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కోపం వస్తే రెండూ.

భీమారావుకు రైల్వేలో ఉద్యోగం రాలేదు. స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాడు. పెళ్ళై నాలుగైదేళ్ళయినా పిల్లల్లేరు. మాలతిని తీసుకుని మేం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు, మొక్కని దేవుడు లేడు. చివరికి డాక్టరమ్మే ఇక తిరగొద్దు తల్లీ అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

2000వ సంవత్సరం వానాకాలం. కొత్త రాష్ట్రం వస్తోందని ఊరంతా ఒకటే గోల. ఎవరికి ఏ కుర్చీ అన్న లెక్కలు టీకొట్లలో కూడా వేస్తున్నారు. ఒక మధ్యాహ్నం తడిసి ముద్దయిన పొడుగాటి మనిషి జీపు దిగి బూత్‌లోకి వచ్చి, తలుపేసుకుని చాలాసేపు ఫోన్ మాట్లాడాడు. ఆయన ధౌరాగఢ్ రాజాసాబ్. జమీందారీలు పోయి ఎన్నాళ్ళో అయింది గాని, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ఇంకా రాజే. ఓట్లు కూడా అలాగే పడేవి. ఎమ్మెల్యే.

సాయంత్రానికి ఆయన పినతండ్రి కొడుకు మనుషులు దిగారు. అతణ్ణి అందరూ ఛోటే రాజా అనేవారు. అన్నదమ్ములిద్దరి కన్నూ ఒకే కుర్చీ మీద ఉంది. "రాజాసాబ్ ఎవరితో మాట్లాడాడు?" అని అడిగారు వాళ్ళు.

"పతా కర్ కే బతాతా హూఁ," అన్నాడు భీమారావు. కనుక్కుని చెప్తానని.

బూత్ ఆయనదే, మీటరు ఆయన ముందే ఉంది. ఇంక కనుక్కునేదేముంది? వాళ్ళు అద్దం పగలగొట్టారు. ఆయన గాజుపెంకులు ఊడ్చుకుంటూ మళ్ళీ అదే మాట అన్నాడు. మర్నాడు రాజాసాబే తన మనిషిని పంపించి, ఎవరో తెలియనట్టు అదే ప్రశ్న అడిగించాడట. అదే జవాబు. తర్వాత జీపు వచ్చి మా బావను ఎక్కించుకుని వెళ్ళింది. కొత్త రాష్ట్రంలో రాజాసాబ్ మంత్రి అయ్యాడు. ఎస్టీడీ బూత్ భీమారావు ఆయనకు నిజీ సచివ్, అంటే సొంత కార్యదర్శి అయ్యాడు.

అబద్ధమెందుకు, మా వాళ్ళందరం మురిసిపోయాం. తెలుగు సమాజం వాళ్ళు పిలిచి రెండు దండలు వేశారు. ఆయన కూడా మనిషే కదా, కొన్నాళ్ళకు కళ్ళు నెత్తికెక్కాయి. తెల్ల సఫారీ, చంకలో ఫైలు, పక్కన సంచి మోసే మనిషి. కాంట్రాక్టర్లు ఆయన్ని చూస్తే లేచి నిలబడేవారు. మా వీధిలో చేతిపంపు వేయించమని నేను అడిగితే, "కనుక్కుని సెప్తాను బావా," అన్నాడు. నాతోనే. రెండేళ్ళు పట్టింది ఆ పంపు రావడానికి. సొంతవాళ్ళకు ముందు చేస్తే మాట వస్తుందని ఆపానని తర్వాత ఎవరితోనో అన్నాడట. మా ఆడవాళ్ళు ఆ రెండేళ్ళూ బిందెలు మోస్తూ ఆయన్ని ఏమన్నారో ఇక్కడ రాయలేను.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. రాజాసాబ్‌కు ఆయన తలలో నాలుకలా ఉండేవాడు. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని వరండాలో టీ ఇచ్చి సాగనంపాలో ఆయనకే తెలుసు. పేపరువాళ్ళు ఆ ఇంటి గురించి ఏమడిగినా అవునూ అనడు, కాదూ అనడు. ఒకసారి నేనే అడిగాను. "అవుననొద్దు, సరే. లేనిదాన్ని లేదనడానికేం బావా?"

"లేదంటే ఆ లేదన్నదాని మీదే ఓ కత పుడతాది," అన్నాడు. "రేపు ఇంకోటి అడుగుతారు, దానికి లేదనకపోతే ఉన్నట్టే. ఆ ఇంటి మాట నా నోట్లోకి రాకూడదు. బస్, అంతే."

అదీ ఆయన పద్ధతి. ఆ పద్ధతే ఆయన్ని పైకి తెచ్చింది. తర్వాత జరిగినదంతా దానివల్లే.

రాజాసాబ్‌కూ రాణీసాబ్‌కూ అప్పటికి పడటం లేదు. ఆవిడ ఒడిశాలో పుట్టింటికి వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. వారసుడు లేడు. వారసుడు లేని రాజుకు ఓట్లు తగ్గుతాయని ఛోటే రాజా మనుషులు పల్లెల్లో పాట అందుకున్నారు. రాజాసాబ్ తను వెళ్ళడు, ఉత్తరం రాయడు, రాజు కదా. భీమారావును పంపాడు. మా బావ ఆ ఊరికీ ఈ ఊరికీ ఎన్నిసార్లు తిరిగాడో. ఈయన అన్నది కాస్త మెత్తగా ఆవిడకు, ఆవిడ అన్నది కాస్త తగ్గించి ఈయనకు. ఆఖరిసారి తల్లి అప్పలనరసమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. అత్త అక్కడ ఏం చెప్పిందో గాని రాణీసాబ్ ఆవిడ చెయ్యి పట్టుకునే రైలు దిగింది. ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు. కున్వర్‌సాబ్, అంటే యువరాజు.

ఇంక చెప్పాలా. రాణీగారిని తెచ్చింది భీమారావు, తెచ్చిన ఏడాదిలో బిడ్డ. చెవులు కొరుక్కోవడానికి ఊరికి అంతకంటే ఏం కావాలి?

మా అత్తకు అది తెలిసి కడుపు రగిలిపోయింది. పసివాడికి రోజూ నీళ్ళు పోసేది ఆవిడే. కాళ్ళు చాపి వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సాంబ్రాణి వేసి, మన పద్ధతిలో. రాణీసాబ్ పక్కనే కూచుని చూసేది. ఇద్దరికీ ఒకళ్ళ భాష ఒకళ్ళకు సగమే వచ్చు, కబుర్లు మాత్రం పూర్తిగా నడిచేవి. ఏడాది నిండగానే ధౌరాగఢ్‌లో వాళ్ళ కులదేవి గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించడానికి ముహూర్తం పెట్టారు. మమ్మల్ని కూడా పిలిచారు. నేను వెళ్ళాను. మాలతి బాబుకు చిన్న పసుపుపచ్చ చొక్కా కొని తెచ్చింది.

ఆ ఇంటి ఆచారంలో బిడ్డ తండ్రి ఒడిలో కూచుంటాడు. కానీ రాజాసాబ్‌ను ముందురోజే ముఖ్యమంత్రి రాయ్‌పూర్‌కు పిలిపించుకున్నాడు. గుడికి ఫోన్ వచ్చింది: నాకు ఆలస్యమవుతుంది, ముహూర్తం దాటనివ్వకండి అని. పంతులు తల గోక్కున్నాడు. మంగలి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ ఏడుపు.

అప్పుడు మా అత్త లేచింది. తన హిందీలో, "హమారే మే మేనమామ గోదీ మే, అమ్మా," అంది. మాలో మేనమామ ఒళ్ళో తీస్తారని.

రాణీసాబ్ తనకు అన్నదమ్ములు లేరంది. రాఖీ కూడా ఆవిడ ఇంట్లో కృష్ణుడి విగ్రహానికే కట్టేది.

"ఎందుకు నేరు? నా కొడుకు నేడేటి?" అంది మా అత్త. ఈసారి తెలుగులోనే. రాణీసాబ్‌కు అర్థమైంది. ఆవిడ భీమారావు వైపు చూసి పీట చూపించింది.

ఆయన వచ్చి కూచున్నాడు. బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నాడు. మాలతి తెచ్చిన చొక్కానే మేనమామ పెట్టిన బట్టలుగా పంతులు బిడ్డకు తాకించాడు. గుడిలో ఉన్న తెలుగువాళ్ళం పదిమందిమీ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాం. మేనమామగా కూచున్నాడంటే రాణీగారికి అన్న అయినట్టే. దేవుడి ఎదుట, వందమంది ముందు. ఇంతకంటే పెద్ద జవాబు ఇంకేం కావాలి? మా అత్తయితే యుద్ధం గెలిచినట్టు చూసింది అందరివంకా.

గెలిచింది మేం అనుకున్నాం. మిగిలిన తొంభైమందీ చూసింది వేరు. తండ్రి కూచోవాల్సిన పీట మీద, రాణీగారి పక్కన, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని భీమారావు కూచున్నాడు. ఛోటే రాజా తాలూకు ఫోటోగ్రాఫర్ ఒకడు ఆ గుంపులో ఉన్నాడు. ఆ బొమ్మ ఆ వారంలోనే ఒక చిన్న పేపర్లో పడింది. కింద ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం లేకపోయింది.

మనవాళ్ళు మాత్రం కొన్నాళ్ళు గట్టిగానే నిలబడ్డారు. అది మేనమామ ఒడి, మీకు తెలీదు అని అందరితో వాదించారు. తర్వాత తర్వాత మనవాళ్ళే మొదలుపెట్టారు. కప్పిపుచ్చుకోడానికే అలా కూచున్నాడేమో అని ఒకడు, ఎంత తెలివి అని ఇంకొకడు. ఇవన్నీ మాలతి చెవిన పడకుండా ఎలా ఉంటాయి? గుఢియారీ ఇళ్ళ మధ్య గోడలు ఎంత మందమో నాకు తెలుసు.

నా కడుపుమంటంతా అక్కడ. ఊరు ఏమనుకుంటే నాకేం? నా చెల్లెలు. దానికి ఒక్క మాట కావాలి. కాదు అన్న ఒక్క మాట. అది తప్ప దాన్ని కాపాడేది ఇంకేదీ లేదు. ఆయన్ని నిలదీశాను.

"బావా, మాలతికి చెప్పు. నాకొద్దు, ఊరికొద్దు. దానికి చెప్పు, కాదని."

"అడిగిందేటి?"

"అడగాలా?"

"అడిగితే సెప్తాను," అన్నాడు.

మాలతి దగ్గరికి వెళ్ళాను. "అడగొచ్చు కదే, నోరు లేదా నీకు?"

"సెప్పాలనుంటే సెప్పడేటి?" అని పని చూసుకుంది.

ఇలాంటి జంటను మీరెక్కడైనా చూశారా? వండుకుంటారు, తింటారు, నొప్పి వస్తే ఒకరికొకరు కాపడం పెట్టుకుంటారు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా అలా పడి ఉంది. ఆయన అడగలేదని చెప్పడు, ఇది చెప్పలేదని అడగదు. రాజుగారి ఇంట్లో నేర్చుకున్న పద్ధతిని మా బావ పెళ్ళాం దగ్గర కూడా పాటించాడు. నాకు దాని మీద జాలి, ఆయన మీద మంట.

2003లో ప్రభుత్వం మారింది. రాజాసాబ్ కూడా దాంతోపాటే మారాడు కాబట్టి ఇంకో ఐదేళ్ళు నడిచింది. 2008 ఎన్నికలకు ఆ పాత ఫోటోను కరపత్రంగా అచ్చేసి ఊరూరా పంచారు. రాజాసాబ్ ఓడిపోయాడు. ఆయన మా బావను తిట్టలేదు, గట్టిగా మాట్లాడను కూడా లేదు. "కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండు భీమా. నేను గాడీ పంపిస్తాను," అన్నాడు. మా బావ రోజూ స్నానం చేసి, సఫారీ వేసుకుని, వరండాలో కూచునేవాడు. గాడీ రాలేదు. వర్షాలు మొదలయ్యాక సఫారీ మానేశాడు.

లేచి నిలబడే కాంట్రాక్టర్లు ఇప్పుడు రోడ్డుకు అటువైపు నుంచి వెళ్ళేవారు. కొన్నాళ్ళు జిరాక్స్ మిషన్ పెట్టాడు, నడవలేదు. చివరికి సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చే పోయే లారీలను చూసుకునే పనిలో చేరాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా కాలర్ మీద నల్లటి మసి. మాలతి దాన్ని సబ్బు పెట్టి రుద్దేది. అక్కడి డ్రైవర్లు కూడా అడిగేవారట, రాజుగారి కథేంటి దాదా అని. ఏం చెప్పి ఉంటాడో మీరే ఊహించుకోండి. మా అత్త ఆ మధ్యలోనే పోయింది, రాణీసాబ్‌ను మళ్ళీ చూడకుండానే.

ఇంకో విషయం నన్ను చాలా చికాకు పెట్టేది. దసరా రోజున సివిల్ లైన్స్ బంగళా గేట్లు తెరుస్తారు. రాజాసాబ్, కున్వర్‌సాబ్ గద్దె మీద కూచుంటారు, ఎవరైనా వచ్చి దణ్ణం పెట్టుకోవచ్చు. మా బావను ఆ ఇంటి ఛాయలకు రానివ్వరు. మాలతి మాత్రం ప్రతి ఏడూ వెళ్ళేది. ఒక్కతే, వెనక వరసలో, జనంలో నిలబడి చూసి వచ్చేది. ఒకసారి నేను అక్కడ పట్టుకున్నాను.

"ఇక్కడ నీకేం పనే? ఎందుకీ పంతం?"

"సూసొస్తే నీకేటి అన్నియ్యా," అంది. "నానేమీ అడగనేదు కదా ఎవుల్నీ."

మొగుడి తప్పును ఏడాదికోసారి కళ్ళారా చూసుకుని పుండు రేపుకుంటోందని అనుకున్నాను. తిట్టాను కూడా.

2021లో రాజాసాబ్ పోయాడు. గద్దె ఎవరిదన్న తగువు వెంటనే మొదలైంది. ఆస్తి ఉంది, గద్దెను చూసి పడే ఓట్లు ఉన్నాయి. ఛోటే రాజా కోర్టుకెక్కాడు, కున్వర్ ఆ ఇంటి రక్తం కాదని. మొగుడూ పెళ్ళాలకు పుట్టిన బిడ్డ తండ్రి ఎవరని అడగడానికి చట్టం ఒప్పుకోదు, కేసు నిలవదు అని కున్వర్‌సాబ్ వకీలు ధైర్యం చెప్పాడు. కానీ కున్వర్‌సాబ్‌కు అది చాలలేదు. కేసు కొట్టేసినా నోళ్ళు మూతపడవు. ఊరు చెప్పేది ఒకే ఒక్కడి పేరు. ఆ ఒక్కడూ కాదని రక్తపరీక్షలో తేలితే చాలు.

అలా ఒకరోజు పొద్దున్నే మా వీధిలోకి పెద్ద కారు వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటని కుర్రాడు దిగాడు. నేను పక్కింటి నుంచి పరుగెత్తుకొచ్చాను. భీమారావు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాడు. కుర్రాడు లోపలికి వచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూచుని సూటిగానే అడిగాడు, హిందీలో. "నేను మీ దగ్గరకు రావడం బాగోదని తెలుసు. డీఎన్‌ఏ పరీక్షకు మీరు ఒప్పుకుంటే ఇదంతా అయిపోతుంది."

భీమారావు ఒప్పుకోలేదు. "పరీక్ష చేయించుకుంటే అలా అడగొచ్చని నేను ఒప్పుకున్నట్టు. రాణీసాబ్ మీద ఆ మాట పడనివ్వను. నేను ఆ పీట మీద ఏ వరసలో కూచున్నానో దేవుడికి తెలుసు," అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నోట నేను విన్న పెద్ద మాట అదే. దాంట్లో కూడా అవును లేదు, కాదు లేదు.

"అయితే ఊరు అనేది నిజమేనా?" అన్నాడు కుర్రాడు. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు.

"అది అడగాల్సిన మాట కాదు, కున్వర్‌సాబ్."

ఈ మాటల మధ్యలో మాలతి టీ తెచ్చింది, నీళ్ళు తెచ్చింది, జంతికలు తెచ్చింది, ఫ్యాన్ కుర్రాడి వైపు తిప్పింది. కుర్రాడు లేచి వెళ్తుంటే మిగిలిన జంతికలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. కారు వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది.

"నీకు సిగ్గుందా? వాడికి పొట్లాలు కట్టి మరీ ఇస్తావా?"

"ఇంటికొచ్చినోడిని వట్టి సేతుల్తో పంపుతారేటి?" అని టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

భీమారావు పరీక్షకు రానన్నాడన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. తప్పు లేనివాడు ఎందుకు భయపడతాడు అన్నారు. ఛోటే రాజా మనుషులు మిఠాయిలు పంచుకున్నారు. మా బావ కాపాడాలనుకున్న పరువు ఆయన చేతుల్లోనే పోతోంది. ఆయనకు అది అర్థం కావడం లేదు. కోపం దిగమింగుకుని ఎంత చెప్పినా బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాడు.

చివరికి రాణీసాబే ఫోన్ చేసింది. పదమూడేళ్ళ తర్వాత మొదటిసారి. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో వినిపించింది. "భయ్యా," అంది ఆవిడ. "నా పరువు సంగతి నేను చూసుకుంటాను. పిల్లవాడు తలెత్తుకు తిరగాలిప్పుడు. ఖూన్ దే దీజియే." రక్తం ఇచ్చేయమని.

ఆయన ఫోన్ పెట్టేసి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ భయ్యా అన్నందుకో, పరీక్షకు రమ్మన్నందుకో నాకు తెలియదు. మర్నాడు వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు.

ఇంక నేను ఊరుకోదలుచుకోలేదు. గేటు డ్యూటీ నుంచి వస్తుంటే దారిలోనే ఆపాను.

"బావా, ఇన్నాళ్ళూ ఆగాను. ఆ రిపోర్టు రాకముందే మాలతికి నీ నోటితో చెప్పు. కోర్టు చెప్పాక నువ్వు చెప్పేదేంటి? అప్పుడది కోర్టు మాట అవుతుంది, మొగుడి మాట కాదు. ఇరవై ఏళ్ళు అది ఏ బరువుతో బతికిందో నీకేం తెలుసు?"

నేను అన్నది తగిలినట్టుంది. "నానేదో మంచే సేస్తున్నాననుకున్నాను బావా," అన్నాడు. "ఆ ఇంటి మాట ఈ ఇంట్లోకి రాకూడదనుకున్నాను. రాకుండా ఆగిందేటి? నానొక్కడినే కళ్ళు మూసుకున్నాను."

"ఇప్పుడైనా తెరువు. ఆదివారం నేను వస్తాను. నా ముందు చెప్పు."

ఆదివారం వెళ్ళాను. మాలతి గుమ్మం దగ్గర పీట వేసుకుని ఎర్రతోటకూర ఒలుస్తోంది. మా బావ తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు, పెళ్ళిచూపులకు వచ్చిన మనిషిలా. దాని ఎదురుగా నేల మీద కూచున్నాడు. నేను గోడకు జారబడ్డాను.

"మాలతీ, ఆ కుర్రోడు నా కొడుకు కాడు," అన్నాడు. "రాణీసాబ్‌ని నాను తోబుట్టువులాగే సూసినాను. ఇంకేటీ నేదు. ఎప్పుడూ నేదు. రేపు కాయితం మీద కూడా అదే వస్తాది. ముందే సెప్పాల్సింది. నీకు సెప్పకపోడం నాదే తప్పు."

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇంక అది ఏడ్చినా సరే, చేతిలోని తోటకూర ఆయన మొహాన కొట్టినా సరే, నేను సంతోషంగా చూద్దామనుకున్నాను.

మాలతి ఒలవడం ఆపింది. "నిజమేనా బావా?"

"నిజమే."

"అత్త మీద ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టు."

దాని మొహంలో తేలికపడినట్టు ఏమీ కనిపించలేదు. ఒలిచిన ఆకును, కాడలను ఒకే పళ్ళెంలో కలిపేసింది. అది కూడా గమనించుకోలేదు.

"ఆ సెవులు అచ్చం నీ సెవులే అనుకున్నాను," అంది.

మా బావ ఏమీ అర్థం కానట్టు నా వైపు చూశాడు.

"మొదట్లో ఏడ్సినాను బావా. సానా ఏడ్సినాను. తరవాత్తరవాత, పోనీలే, నా కడుపున పుట్టకపోతే ఏటి, నీ కొడుకే కదా అనుకున్నాను. ఎక్కడో ఓ కాడ మంచి బట్ట కట్టుకుంటన్నాడు, సదూకుంటన్నాడు, ఏడాదికోసారి కంటితో సూత్తన్నాను, సాలనుకున్నాను. మొన్న ఇంటికొచ్చి నా సేత్తో ఇచ్చిన టీ తాగినాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అందుకే నానెప్పుడూ అడగనేదు. అడిగితే నువ్వు కాదంటావని."